ఒక ప్రాణి, ఒక నోటుబుక్కు

ఈ ప్రసంగం బడికి వెళ్లే పిల్లలున్న ఇళ్ల కోసం. ముఖ్యంగా నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఇళ్ల కోసం. మీ ఇంట్లో కోడి ఉందా? మేకపిల్ల ఉందా? వాకిట్లో కుక్క పడుకుని ఉందా? పోనీ, గాజు తొట్టిలో నాలుగు చేపలున్నాయా? అయితే లెక్కల పాఠాలు, సైన్సు పాఠాలు, చరిత్ర పాఠాలు కూడా మీ ఇంట్లోనే ఉన్నాయి. వాటిని బయటికి తీసే పద్ధతి ఒకటి ఇవాళ చెప్పుకుందాం.

ఆ పద్ధతి చాలా చిన్నది. ఒక ప్రాణి, దాని పేరున ఒక నోటుబుక్కు. అంతే. ప్రాణిని సాకే పనిలో కొంత భాగం పిల్లలకు అప్పగించాలి. చూసినది, కొలిచినది, అడిగి తెలుసుకున్నది రోజూ రెండు మూడు వాక్యాలు రాయించాలి. ఖరీదైన వస్తువులేవీ అక్కర్లేదు. ట్యూషన్ అక్కర్లేదు.

ముందు కోడి దగ్గర మొదలుపెడదాం.

ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో ఒక ఇల్లు అనుకుందాం. మార్చి 20 సాయంత్రం అవ్వ గంపలో గడ్డి పరిచింది. పన్నెండు గుడ్లు పెట్టి, పెట్టను పొదగేసింది. ఆరో తరగతి చదివే మనవరాలు పక్కనే కూర్చుంది. "అవ్వా, పిల్లలు ఎప్పుడొస్తాయి?" అని అడిగింది. "ఇరవై ఒక్క దినానికి వస్తాయిలేమ్మా" అంది అవ్వ.

సరే, ఏ తేదీకి? ఇక్కడే మొదటి లెక్క. మార్చికి 31 రోజులు. 20 నుంచి 31 దాకా పదకొండు రోజులు పోయాయి. ఇంకా పది కావాలి. అంటే ఏప్రిల్ 10. మరి పొదగేసిన రోజును ఒకటిగా లెక్కపెట్టాలా, సున్నాగా లెక్కపెట్టాలా? క్లాసులో ఈ ప్రశ్న అడిగితే సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా చెబుతారు. ఇక్కడ మాత్రం జవాబు గంపలోనే ఉంది. ఏప్రిల్ 9న చూడాలి, 10న చూడాలి, 11న కూడా చూడాలి. తన లెక్క ఎక్కడ నిలిచిందో ఆ పిల్లకే తెలిసిపోతుంది.

ఇదే పెట్ట కింద బాతు గుడ్లు పెడితే? బాతు గుడ్డుకు 28 రోజులు కావాలి. అప్పుడు ఏప్రిల్ 17 అవుతుంది. కోడిగుడ్లూ బాతుగుడ్లూ ఒకే రోజు పిల్లలు కావాలంటే ఏది ముందు పెట్టాలి, ఎన్ని రోజులు ముందు పెట్టాలి? ఈ లెక్క పిల్లల్ని వేయమనండి.

ఏడో రోజు రాత్రి ఇంకో పని ఉంది. చీకటి గదిలో గుడ్డును టార్చిలైటు ముందు పట్టుకుని చూడాలి. లోపల పిండం ఉంటే సన్నని ఎర్రటి రక్తనాళాలు అల్లుకుని కనబడతాయి. లేకపోతే గుడ్డు ఖాళీగా, తేటగా కనబడుతుంది. గుడ్డు మొద్దు కొన వైపు గాలి గది ఒకటి కనబడుతుంది. పెంకుకు కంటికి కనబడని రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిలోంచే గాలి లోపలికి వస్తుంది, తేమ బయటికి పోతుంది. అందుకే రోజులు గడిచేకొద్దీ గుడ్డు బరువు తగ్గుతుంది, గాలి గది పెద్దదవుతుంది. ఈ బొమ్మ సైన్సు పుస్తకంలో ఉంటుంది. టార్చి వెలుతురులో చూసిన పిల్లకు మాత్రం ఆ బొమ్మ ఇక బట్టీ పట్టాల్సిన పని లేదు.

ఇక శాతాల సంగతి. పన్నెండు గుడ్లలో రెండు ఖాళీవని ఏడో రోజు తేలింది. మిగిలిన పదిలో తొమ్మిది పిల్లలయ్యాయి. ఎంత శాతం పిల్లలయ్యాయి? పన్నెండులో తొమ్మిది అంటే 75 శాతం. పదిలో తొమ్మిది అంటే 90 శాతం. రెండూ సరైన లెక్కలే. అయితే ఏది చెప్పాలి? పెట్ట బాగా పొదిగిందా అని అడిగితే 90. ఇన్ని గుడ్లు పెడితే ఎన్ని పిల్లలు చేతికొచ్చాయని అడిగితే 75. దేనితో భాగించాలన్నది అడిగిన ప్రశ్నను బట్టి ఉంటుంది. శాతాల పాఠంలో కష్టమైన చోటు ఇదే. పదో తరగతి పిల్లలు కూడా ఇక్కడే తడబడతారు.

పెంకులు పారేయకండి. ఒక పెంకు ముక్క మీద నిమ్మరసం పిండండి. బుడగలు వస్తాయి. పెంకులో ఉన్నది కాల్షియం కార్బొనేటు. ఆమ్లం తగిలితే బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. గుడ్లు పెట్టే కోడికి సున్నపు పదార్థం ఎందుకు కావాలో, అది లేకపోతే తోలుగుడ్లు ఎందుకు పెడుతుందో ఆ బుడగలు చూస్తూ మాట్లాడుకోవచ్చు.

మళ్లీ అసలు మాటకు వద్దాం. ఒక ప్రాణి, ఒక నోటుబుక్కు. కోడి చాలా ఇళ్లలో ఉంటుంది, గుడ్డు చాలా వంటిళ్లలో ఉంటుంది. నోటుబుక్కు పక్కన లేకపోతే ఇవన్నీ చూసి మరిచిపోయే సంగతులు. రాసుకుంటే చదువు.

ఇప్పుడు మేకపిల్ల సంగతి చూద్దాం.

మేకపిల్లను తూకం వేయడం ఎలా? అది ఒక చోట నిలవదు. కాటా మీద పెడితే దూకేస్తుంది. దీనికి పిల్లలే ఉపాయం కనిపెడతారు. మేకపిల్లను ఎత్తుకుని కాటా ఎక్కుతారు. తర్వాత ఒంటరిగా ఎక్కుతారు. రెంటికీ తేడా మేకపిల్ల బరువు. పిల్లవాడు ఒక్కడే 31 కిలోలు, మేకపిల్లతో కలిపి 34 కిలోల 500 గ్రాములు. అంటే మేకపిల్ల మూడున్నర కిలోలు.

వచ్చే ఆదివారం మళ్లీ తూచాలి. అప్పుడు పాత 31నే వాడుకోవచ్చా? కూడదు. వాడి బరువు కూడా కాస్త మారి ఉంటుంది. భోజనం చేసి ఎక్కితే ఒక లెక్క, చేయకముందు ఎక్కితే ఒక లెక్క. మేకపిల్ల కదిలితే ముల్లు కదులుతుంది. అందుకని మూడు సార్లు తూచి సగటు తీయాలి. సగటు ఎందుకు కనిపెట్టారో అప్పుడు అర్థమవుతుంది. ఆరు ఆదివారాలు తూచి, ఆ అంకెల్ని గళ్ల కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే గ్రాఫు వచ్చేస్తుంది. ఒక వారం గీత పైకి లేవలేదనుకోండి. ఎందుకు లేవలేదు? ఆ వారం పారిందా? మేత మారిందా? నట్టలమందు వేయాల్సి ఉందా? గ్రాఫు పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. ఇంట్లో మాత్రం అది మేకపిల్ల ఆరోగ్యం.

ఇక పళ్లు. ఈ పాఠం మన ప్రాంతం పిల్లలకు సగం వచ్చే ఉంటుంది. సంక్రాంతికి, ఉగాదికి, శివరాత్రికి నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో ఎద్దుల బండలాగుడు పోటీలు పెడతారు. మైకులో ఏమని చెబుతారు? పాలపళ్ల విభాగం, రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం అని చెబుతారు. అంటే ఎద్దుల్ని వయసు వారీగా విడదీస్తున్నారన్న మాట. పుట్టిన తేదీ కాగితం ఎద్దుకు ఉండదు. పళ్లే దాని కాగితం.

పశువుకు ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. పై దవడ ముందు భాగంలో పళ్లుండవు, గట్టి చిగురు మాత్రం ఉంటుంది. ఎద్దుకు రెండేళ్ల ప్రాంతంలో మధ్య పాలపళ్లు రెండు ఊడి పెద్ద పళ్లు వస్తాయి. తర్వాత జత జతగా మారుతూ, నాలుగేళ్లు దాటేసరికి ఎనిమిదీ మారిపోతాయి. మేకకు ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఏడాది, ఏడాదిన్నర మధ్య మొదటి జత మారుతుంది. నాన్న మేక నోరు తెరిచి పట్టుకుంటే పిల్లలు లెక్కపెట్టి నోటుబుక్కులో బొమ్మ గీసుకోవచ్చు. తర్వాత అద్దం ముందు నిలబడి తమ పళ్లు లెక్కపెట్టుకోవచ్చు. పెద్దలకు 32, పెద్దయిన కుక్కకు 42. గడ్డి తినే నోరు ఎలా ఉంది, మాంసం తినే నోరు ఎలా ఉంది, రెండూ తినే మన నోరు ఎలా ఉంది? ఈ మూడు బొమ్మలు పక్కపక్కన పెడితే దంతాల పాఠం పూర్తయినట్టే.

పళ్లను బట్టి వయసు చెప్పడం పశువుల సంతలో పనికొచ్చే విద్య మాత్రమే కాదు. చరిత్ర తవ్వేవాళ్ల విద్య కూడా. నంద్యాల జిల్లాలోనే బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ గుహల్లో తవ్వకాలు చేయించాడు. కొడుకు హెన్రీ ఆ పనిలో ఆయనకు తోడున్నాడు. మట్టి పొరల్లో రకరకాల జంతువుల ఎముకలు, పళ్లు దొరికాయి. వేల ఏళ్ల కిందట ఈ ప్రాంతంలో ఏ జంతువులు తిరిగేవో ఆ ఎముకలే చెప్పాయి. ఎముక ఏ జంతువుదో, పన్ను ఎంత వయసు జంతువుదో గుర్తుపట్టడం ఆ పనిలో మొదటి మెట్టు. ఇంట్లో మేక పళ్లు లెక్కపెట్టిన పిల్లవాడికి ఈ సంగతి చెప్పి చూడండి. చరిత్ర పాఠం అంటే రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ మాత్రమే కాదని వాడికే తోస్తుంది.

మేక నెమరు వేస్తూ కూర్చుంటుంది కదా. అప్పుడు పక్కన కూర్చుని చూడమనండి. కొంచెంసేపు నములుతుంది. మింగుతుంది. గొంతులోంచి ముద్ద ఒకటి పైకి రావడం కంటికి కనబడుతుంది. మళ్లీ నములుతుంది. ఒక ముద్దను ఎన్నిసార్లు నమిలింది? గడియారం పెట్టుకుని లెక్కించవచ్చు. దాని కడుపులో నాలుగు అరలుంటాయి. పుట్టిన కొత్తలో పిల్ల తాగిన పాలు మొదటి పెద్ద అరలోకి పోకుండా నేరుగా నాలుగో అరకు చేరతాయి. రెండు మూడు వారాలకు గడ్డి కొరకడం మొదలుపెట్టాకే ఆ పెద్ద అర ఎదుగుతుంది. పాలు తాగే పిల్ల నెమరు వేయదెందుకని ఏ పిల్లవాడైనా అడిగాడంటే, వాడు బాగా చూశాడని అర్థం.

భూగోళం కూడా మేక వెంటే నడుస్తుంది. మేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కడెక్కడ మేసిందో పటం గీయమనండి. ఇల్లు ఎక్కడ, వంక ఎక్కడ, కేసీ కాలువ గట్టు ఎక్కడ, ఉత్తరం ఎటు? ఆ కాలువను 1863, 1870 సంవత్సరాల మధ్య తవ్వారు. కర్నూలు నుంచి కడప దాకా పోతుంది, నీటిపారుదలకే కాకుండా పడవలు నడపడానికి కూడా అనుకుని తవ్విన కాలువ అది. కాలువకు నీళ్లు వదిలినప్పుడు గట్టు మీద గడ్డి ఎలా ఉంటుంది, ఎండాకాలం ఎలా ఉంటుంది? నల్లరేగడి చేలల్లో జొన్నచొప్ప ఏ నెలలో దొరుకుతుంది? తుమ్మకాయలు ఎప్పుడు రాలతాయి? ఏడాది పొడవునా మేక తిన్నది రాసుకుంటే ఆ ఊరి పంటల క్యాలెండరు తయారవుతుంది.

ఈ రాసుకోవడం అనే పని చిన్నపిల్లల ఆట అనుకోకండి. నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906లో మొదలైంది. పత్తి, జొన్న, శనగ, వరి రకాల మీద అక్కడ పనిచేశారు, చేస్తున్నారు. మన రైతులకు తెలిసిన విత్తనాలు కొన్ని అక్కడి నుంచి వచ్చినవే. అక్కడి శాస్త్రవేత్తలు చేసే పనిలో పెద్ద భాగం ఏమిటి? రోజూ మడి దగ్గరికి పోవడం, కొలవడం, తేదీ వేసి పుస్తకంలో రాయడం. మీ పిల్ల మేకపిల్ల బరువు రాసిన పేజీకీ, ఆ పుస్తకానికీ పద్ధతిలో తేడా లేదు.

కుక్క సంగతి కాస్త ఎక్కువసేపు మాట్లాడుకోవాలి. ఇందులో సరదా ఉంది, ప్రమాదం కూడా ఉంది.

మే నెల నంద్యాల ఎండ మీకు తెలుసు. కుక్క నాలుక బయట పెట్టి రొప్పుతుంది. ఎందుకు? మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. చెమట ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు పంజాల అడుగున తప్ప పెద్దగా చెమట పట్టదు. అందుకని నోటి తడిని ఆరబెట్టుకుని చల్లబడుతుంది. ఇది భౌతికశాస్త్రంలో బాష్పీభవనం పాఠం. నీడలో పడుకున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది? ఎండలోంచి వచ్చాక ఎన్నిసార్లు? పక్కటెముకల దగ్గర చూస్తే లెక్క తెలుస్తుంది. అదే నోటుబుక్కులో రాయాలి. అంకె చూశాక నీళ్ల గిన్నెను నీడలోకి జరిపించాలి. నేర్చుకున్నదానికి ఫలితం అదీ.

కుక్కకు ఒంట్లో బాగాలేదని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయారనుకోండి. డాక్టరు థర్మామీటరు చూసి 101.5 అన్నారు. పిల్లవాడు హడలిపోయాడు. మనిషికైతే అది జ్వరం. కుక్కకు అది మామూలు వేడే. సెల్సియస్‌లోకి మార్చమనండి. 32 తీసేస్తే 69.5. అయిదుతో హెచ్చించి తొమ్మిదితో భాగిస్తే 38.6. మనిషికి 37, కుక్కకు 38 నుంచి 39 దాకా, కోడికి 41 పైన. ఒక అంకె ఎక్కువో తక్కువో దేనితో పోలుస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ పిల్లవాడు ఈ సూత్రాన్ని ఇక మరిచిపోడు.

ఇప్పుడు రేబిస్. పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే జబ్బు. లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కాటు తగిలిన వెంటనే సరైన వైద్యం చేస్తే మాత్రం ఆపగలం. ఈ రెండు వాక్యాలూ మీ పిల్లల నోటుబుక్కులో మొదటి పేజీలో ఉండాలి.

ఈ జబ్బు చరిత్ర పిల్లలకు తప్పక చెప్పండి. జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడిని పిచ్చికుక్క చాలా చోట్ల కరిచింది. 1885 జులై 6న తల్లి వాణ్ని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ దగ్గరికి తీసుకొచ్చింది. పాశ్చర్ రసాయన శాస్త్రవేత్త, డాక్టరు కాదు. ఆయన తయారు చేసిన టీకాను అంతకు ముందు జంతువుల మీద చూశారు. డాక్టర్ల చేత ఆ పిల్లవాడికి రోజుల తరబడి వరసగా పదమూడు ఇంజెక్షన్లు ఇప్పించాడు. పిల్లవాడు బతికాడు. ఆ జులై 6ను ఇప్పుడు జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినంగా జరుపుతున్నారు. పాశ్చర్ 1895 సెప్టెంబరు 28న చనిపోయాడు. ఆ రోజు ప్రపంచ రేబిస్ దినం.

ఇంట్లో తాతనో అవ్వనో అడగమనండి. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు వేసేవారని చెబుతారు. అది పాత టీకా. ఇప్పుడది లేదు. ఇప్పుడు కొద్ది మోతాదులు, చేతికే వేస్తారు. అయినా ఆ పాత భయంతో ఇప్పటికీ కొందరు ఆసుపత్రికి పోరు. గాయం మీద పసుపు పెడతారు, సున్నం పెడతారు, కారం అద్దుతారు. అవేవీ చేయకూడదు. సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాల పాటు కడగాలి. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. మళ్లీ చెబుతున్నాం. సబ్బు, ధారగా నీళ్లు, పదిహేను నిమిషాలు, తర్వాత ఆసుపత్రి. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించాలి. తర్వాత మళ్లీ ఎప్పుడు వేయించాలో డాక్టరు చెప్పిన తేదీ నోటుబుక్కులో రాయాలి. ఆ తేదీ గుర్తుపెట్టుకునే బాధ్యత పిల్లలకే ఇవ్వండి.

తెలుగు రాత కూడా ఇక్కడే బాగుపడుతుంది. మొదటి రోజు పిల్లలు ఏమని రాస్తారు? "మా కుక్క బాగుంది" అని రాస్తారు. బాగుంది అంటే ఏం చూసి అన్నావని అడగండి. మర్నాడు ఇలా రాస్తారు: "రెండుసార్లు పిలిచినా లేవలేదు. గిన్నెలో సగం అన్నం వదిలేసింది. వెనక కుడి కాలు నేల మీద పూర్తిగా ఆనించడం లేదు." ఈ మూడు వాక్యాల్లో బాగుంది, బాగాలేదు అన్న మాటే లేదు. చదివితే కుక్క కళ్ల ముందుకు వస్తుంది. డాక్టరుకు చూపిస్తే వైద్యానికి పనికొస్తుంది.

బొమ్మలు గీయడానికి ఆళ్లగడ్డ పిల్లలకు ఊళ్లోనే గురువులున్నారు. ఆళ్లగడ్డ శిల్పులు రాతిలో దేవుళ్లనే కాదు, నందినీ, సింహాన్నీ, ఏనుగునూ చెక్కుతారు. శిల్పశాస్త్రంలో తాళం అనే కొలత ఉంది. ముఖం పొడవును ఒక కొలతగా తీసుకుని, మిగతా ఒళ్లంతా ఆ లెక్కన కొలుస్తారు. పిల్లలు తమ కుక్క తల పొడవును పుల్లతో కొలవాలి. మెడ నుంచి తోక మొదలు దాకా అలాంటి పుల్లలు ఎన్ని పడతాయో చూడాలి. కాలి ఎత్తుకు ఎన్ని పడతాయి? ఆ నిష్పత్తితో గీస్తే బొమ్మ కుదురుతుంది. నిష్పత్తి అనేది లెక్కల పాఠం కూడా కదా.

కుక్కనూ మేకనూ పెట్టుకునే జాగా లేని ఇళ్లున్నాయి. నంద్యాలలో అద్దె ఇళ్లలో, అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు గప్పీ చేపలు చాలు. అవి దోమ పిల్లల్ని తింటాయి. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే చేపలకు హాని, అందుకని నీళ్లు పట్టి ఒక రోజు తెరిచి ఉంచాలి. ఎండ ముదిరినప్పుడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గిపోతుంది. తొట్టిని నీడలోకి మార్చితే అవి మళ్లీ కిందికి దిగుతాయి. కారణం, ఫలితం రెండూ ఒక్క మధ్యాహ్నంలో కనబడతాయి.

చిలుకను మాత్రం పంజరంలో పెట్టకండి. రామచిలుకను పెంచడం, అమ్మడం నేరం. నక్షత్ర తాబేలు కూడా అంతే. అవి అడవి ప్రాణులు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ ఇస్తుంది. పక్కనే నల్లమల ఉంది, పులుల అభయారణ్యం ఉంది. నంద్యాల జిల్లాలోనే రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఏ ప్రాణి ఇంట్లో ఉండాలి, ఏది అడవిలో ఉండాలి అన్నది పౌరశాస్త్రం పాఠం. ప్రాణుల పట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధుల్లో ఒకటని మన రాజ్యాంగంలోనే ఉంది, 51ఎ అధికరణంలో. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చారు.

ఇలా నేర్పడం కొత్తేమీ కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు చెప్పాలన్నారు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడిలో చదువును బయటి బతుకుతో ముడిపెట్టాలని మొదటి మాటగా చెప్పింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడిలో పిల్లలు ఏళ్ల తరబడి పక్షుల్ని చూసి రాసుకుంటూ వచ్చారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. అక్కడ లోయంతా ఉంది. మనకు వాకిలి చాలు.

ఇక పెద్దలకు రెండు మాటలు.

మొదటిది. పాఠం కోసం ప్రాణిని కొనకండి. సాకగలిగితేనే తెచ్చుకోండి. తిండి, నీళ్లు, టీకా, పెంట తీయడం, ఇవి ముందు. నోటుబుక్కు తర్వాత. ఏడేళ్ల పిల్లలు నీళ్ల గిన్నె నింపగలరు, గింజలు కొలిచి పోయగలరు. జబ్బు కుక్కను పట్టుకోవడం, మందు వేయడం పెద్దల పని. ప్రాణిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగడం అందరి పని.

రెండోది కష్టమైన మాట. ప్రాణి చచ్చిపోవచ్చు. కొక్కెర తెగులు వచ్చిందంటే ఒక్క వారంలో కోళ్లన్నీ పోవచ్చు. వేళకు టీకా వేయిస్తే కాపాడుకోవచ్చు. పల్లెల్లో ఇంకో సంగతి కూడా ఉంది. పొట్టేలు పండక్కి పోతుంది. మేకపోతు సంతకు పోతుంది. ఇంటికి ఆ డబ్బు కావాలి. ఈ సంగతిని పిల్లల దగ్గర దాచవద్దు. బడికి పోయి వచ్చేసరికి కట్టుకొయ్య ఖాళీగా ఉంటే పిల్లల మనసు విరుగుతుంది. చాలా రోజులు మనల్ని నమ్మరు. తెచ్చిన రోజే చెప్పండి, ఇది సంతకు పోయే జీవం అని. ఉన్నన్ని రోజులు దాన్ని బాగా చూసుకుందామని చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ రోజు కూడా నోటుబుక్కులో ఏమైనా రాస్తానంటే రాయనివ్వండి. మార్కులు వేయకండి.

పంతుళ్లకు, టీచరమ్మలకు ఒక మనవి. సోమవారం మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు ఇవ్వండి. వారానికి ఇద్దరు పిల్లల చేత ఆ వారం పేజీలు చదివించండి. ఒకరు కోడి గురించి, ఒకరు చేపల గురించి చదువుతారు. మిగతావాళ్లు ఒక్కొక్క ప్రశ్న అడగాలి. జవాబు తెలియని ప్రశ్నను బోర్డు మీద ఓ మూల వారమంతా ఉంచండి. ఇంట్లో జంతువు లేని పిల్లలు, బడి గోడ మీద వాలే పిచ్చుకల్నో, గేటు దగ్గర పడుకునే కుక్కనో దూరం నుంచి చూసి రాస్తారు. వాళ్లూ ఇందులో ఉండాలి.

మొదలుపెట్టడం ఇలా. ఈ ఆదివారం వాడకుండా మిగిలిపోయిన నోటుబుక్కు ఒకటి తీయండి. అట్ట మీద ప్రాణి పేరు, పిల్లల పేరు రాయించండి. రోజూ మూడు సంగతులే రాయాలి. ఏం తిన్నది, ఎంత తిన్నది. ఏం కొత్తగా చేసింది. నాకు ఏం తెలియలేదు. మూడో సంగతి ఒక్క రోజు కూడా మానకూడదు. "నెమరు వేసేటప్పుడు కళ్లెందుకు మూస్తుంది?" అని రాసిన పిల్లవాడి దగ్గర కూర్చుని, మీరు కూడా ఆ మేకను కాసేపు చూడండి. పొరపాట్లు దిద్దడానికి మాత్రమే ఆ పుస్తకం తెరవకండి.

అట్ట లోపలి వైపు మూడు అంకెలు రాసుకోండి. పశువుకో పెంపుడు జంతువుకో జబ్బు చేస్తే సంచార పశువైద్య వాహనం కోసం ఫోన్ నంబరు 1962. జులై 6, సెప్టెంబరు 28. ఆ రెండు తేదీలకు ముందు మీ దగ్గరి పశువుల ఆసుపత్రిలో కుక్కల టీకాల గురించి వాకబు చేయండి. కుక్కతో పాటు మీ పిల్లలనూ, ఆ నోటుబుక్కునూ వెంట తీసుకుపోండి. డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు అందులో రాసి ఉంటాయి.